విమానం ముక్కుకో తొడుగు

చెన్నై జార్జి టౌన్‌లో దొరకని వస్తువంటూ లేదు. కాకపోతే ఏ సరుకు వీధి ఆ సరుకుదే. శుభలేఖలకు ఆండర్సన్ వీధి, బట్టకు గోడౌన్ వీధి, రసాయనాలకు నైనియప్ప నాయకన్ వీధి, ఇనప సామానుకు సెంబుదాస్ వీధి. ఒక్క విమానాల వీధి వేయించడం మాత్రం మన పెద్దలు మరిచారు. ఆ లోటు మా బావమరిది మా మిద్దె మీద తీరుస్తున్నాడు. కట్టడం వరకే లెండి. ఒక పక్క హైకోర్టు, ఇంకో పక్క రేవు పెట్టుకుని ఇక్కడ ఎగరేసే ధైర్యం వాడికి లేదు, ఎగరనిచ్చే ధైర్యం మాకు లేదు.

బాల్సా చెక్క ఒళ్ళు, ముక్కున మెథనాల్ తాగే చిన్న ఇంజను, చేతిలో రిమోటు. ఇక మిగిలింది కౌలింగ్, అంటే ఇంజను మీద వేసే ఫైబర్‌గ్లాస్ తొడుగు. "అరగంట పని బావా, నువ్వు ఊరికే పట్టుకో చాలు" అన్నాడు. పట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళయినా పట్టుకునే ఉన్నాను.

చిక్కేమిటంటే, తొడుగు వేశాక ఇంజను కనబడదు. కనబడని ఇంజనుకు ఇంధనం సర్దే నీడిల్ వాల్వ్ ఎక్కడ బయటికొస్తుందో, సైలెన్సర్ ఎక్కడ పొడుచుకొస్తుందో చూసుకుని తొడుగుకు ముందే కన్నాలు పెట్టాలి. ముసుగు కప్పి పైనుంచి ముక్కు కుట్టడమన్నమాట. పైగా ఇంజనును తిన్నగా బిగించరు. ప్రొపెల్లర్ తిరిగే విసురుకు విమానం ఎడమకు లాగకుండా రెండు మూడు డిగ్రీలు కుడికి వంచి పెడతారు.

మా అత్తగారు పైకొచ్చి చూసి, "ముక్కు వంకరగా ఉందేమిట్రా?" అంది.

"వంకరగా ఉంటేనే తిన్నగా పోతుందమ్మా."

"అలాంటివాళ్ళను చూస్తూనే ఉన్నాన్లే" అని నావైపు ఓసారి చూసి దిగిపోయింది.

మరలకు నన్ను సెంబుదాస్ వీధికి తరిమాడు. "ఏ బండికండీ?" అన్నాడు కొట్టాయన. విమానానికన్నాను. ఆయన మొహంలో మార్పేమీ లేదు. "చక్రాలెన్ని?" "మూడు." "ఆటోవని ముందే చెప్పొద్దూ!" అంటూ పై అరలోంచి పెట్టె దించాడు. మరలు సరిగ్గా సరిపోయాయి.

కన్నాలకు మటుకు ఒక ఉపాయం ఉంది. దళసరి అట్టముక్కను విమానం ఒంటికి టేపుతో అతికించి, ఇంజను మీదికి చాపి, వాల్వు ఉన్నచోట కన్నం చేస్తారు. అట్టను వెనక్కి మడిచి తొడుగు తొడుగుతారు. మళ్ళీ అట్టను తొడుగు మీదికి వాలిస్తే, కన్నం ఎక్కడుందో అక్కడే గుర్తు. అంత దళసరి అట్ట ఇంట్లో ఇంకేముంటుంది, శుభలేఖ తప్ప? మా పినమామగారి అబ్బాయి పెళ్ళిపత్రిక బలయింది. నీడిల్ వాల్వ్ సరిగ్గా సుముహూర్తం మీద పడింది. సైలెన్సర్ విందును మింగింది. ప్రొపెల్లర్ మధ్యనుండే టోపీ, అదే స్పిన్నరు, తొడుగును ఒరుసుకోకుండా మధ్యలో రెండు మిల్లీమీటర్ల సందు కావాలంటే, ఆహ్వానించువారిని మడిచి అందులో దోపాడు.

నాకు ఒళ్ళు మండింది. "1910లో మౌంట్ రోడ్డు హోటలాయన డాంజెలిస్ సొంతంగా విమానం కట్టించి పల్లావరంలో ఎగరేశాడు. ఆయన ఎన్ని శుభలేఖలు చింపాడంటావు?"

వాడు తల ఎత్తలేదు. "1928లో అమెరికాలో ఫ్రెడ్ వీక్ బృందం ఇంజనుకు కౌలింగ్ వేసి చూసింది. లాక్‌హీడ్ ఎయిర్ ఎక్స్‌ప్రెస్ గంటకు 157 మైళ్ళు పోయేది 177కి ఎక్కింది. అదే ఇంజను బావా, పైన తొడుగు వేశారంతే. దానికే 1929 సంవత్సరపు కోలియర్ ట్రోఫీ ఇచ్చారు."

తొడుగు వేసి ఊరుకోకూడదట కూడా. ముందు నుంచి వచ్చిన గాలి ఇంజను వేడికి ఉబ్బుతుంది కాబట్టి, వచ్చే దారి కంటే పోయే దారి రెండింతలైనా ఉండాలి. లేకపోతే ఇంజను కాలి కూర్చుంటుంది. ఇది విన్నప్పటి నుంచి మా కొత్వాల్ చావడి సందులు అలా ఎందుకు కాగుతాయో నాకు తెలిసొచ్చింది.

చివరికి ఒక్కో మర కింద సిలికాన్ ట్యూబు ముక్క వేసి, అదురుకు వదులు కాకుండా బిగించాడు. తొడుగు కూర్చుంది. బాగుంది, ఒప్పుకోవాలి.

వాడు ఇప్పుడు రెండో విమానం మొదలుపెట్టాడు. కాబట్టి పెళ్ళి పిలుపులు వాట్సాప్‌లో పంపే బంధుమిత్రులకు ఒక మనవి. దయచేసి అట్ట శుభలేఖలే వేయించండి, దళసరివి. అక్షింతలు వేయడానికి మేం ఎలాగూ వస్తాం. వాట్సాప్ పిలుపు ఇంజను చుట్టూ తిరగదు.