నా అంచును చూసి కొనండి

నేను మడత కత్తిని. తెలుగునాట మంగలి కత్తి అంటే అందరికీ తెలుస్తుంది. నా పుట్టుక జర్మనీలోని సోలింగెన్‌లో. ఇంగ్లండులో షెఫీల్డు, ఫ్రాన్సులో తియేర్, జర్మనీలో సోలింగెన్, ఈ మూడూ మా జాతికి పేరుమోసిన ఊళ్లు. కార్బన్ ఉక్కు ముక్కను ఎర్రగా కాల్చి, అచ్చులో సాగగొట్టి నాకు రూపం తెచ్చారు. మళ్లీ కాల్చి నూనెలో ముంచితే గట్టిపడ్డాను, దాంతోపాటే పెళుసెక్కాను. ఆ పెళుసుదనం తగ్గడానికి చిన్న వేడి మీద ఇంకోసారి కాచారు. తర్వాత సానచక్రాల మీద రెండు పక్కలా లోపలికి తొలిచి పలచన చేశారు. వెన్ను మాత్రం మందంగా మిగిలింది. అంచు దగ్గరికి వచ్చేసరికి గోటితో నొక్కితే వంగేటంత పలచగా తయారయ్యాను. చివరికి పిడి తొడిగి, మేకు బిగించి పెట్టెలో పెట్టారు. ఇన్ని చేతులు మారి వచ్చాక కూడా పెట్టె విప్పిన రోజున నేను గడ్డానికి పనికిరాకపోవచ్చు. కాగితం చీలుస్తాను, వేలికి తగిలితే తెగుతుంది, కానీ గడ్డం మీద పెడితే వెంట్రుకను కోయకుండా పీకుతాను. కొత్తగా ఈ విద్యలోకి దిగేవారు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మీరు డబ్బు పెట్టాల్సింది నా అంచు మీద. కత్తి అందం, పెట్టె సోకు, నూరే రాళ్ల వరుస అన్నీ ఆ తర్వాతివే.

అంచు అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. నా వెడల్పు అంగుళంలో 5/8 వంతు, దాదాపు 16 మిల్లీమీటర్లు. వెన్ను మందం 5 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఆకురాయి మీద నన్ను పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ రాయిని ఆనుకుంటాయి. ఆ ఆనికతోనే కోణం కుదురుతుంది, రెండు పక్కలూ కలిపి 16, 17 డిగ్రీలు. వంటింటి కత్తి నూరేటప్పుడు కోణం చేతిలో ఉంటుంది. నా విషయంలో కోణం నా వెన్నులోనే ఉంది. అటూ ఇటూ సమంగా అరిగి, రెండు ముఖాలూ మడమ నుంచి మొన దాకా ఒకే గీత మీద కలిస్తేనే అది గడ్డం గీసే అంచు. ఆ గీత మందం మైక్రాన్‌ కంటే తక్కువ. ఇంత సన్నని దాన్ని చెడగొట్టడానికి గట్టి వస్తువే తగలనక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా కోతలో వెంట్రుక వంగి అంచును పక్కకు తోస్తే, ఉక్కు అల్లిక సమంగా లేనిచోట చిన్న పెచ్చు లేచిపోతుంది. వారు పరీక్షించింది వాడి పారేసే బ్లేడ్ల ఉక్కును. నాది వేరే రకం ఉక్కే అయినా ఒక్క మాట నాకూ వర్తిస్తుంది: అంచు శాశ్వతం కాదు, వాడిన ప్రతిసారీ ఎంతోకొంత పోతుంది.

అందుకే మొదటి కొనుగోలులో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ కత్తికి గడ్డం గీసే అంచు పెట్టినవారు ఎవరు? కొత్తవాడి చేతిలో తెలియని సంగతులు రెండు ఉంటాయి, కత్తి పట్టే తీరు ఒకటి, కత్తి పదును ఇంకొకటి. గీస్తుంటే మంట పుట్టిందనుకోండి, తప్పు చేతిదా కత్తిదా ఎలా తెలుస్తుంది? శ్రుతి చేయని వీణ మీద సరళీ స్వరాలు మొదలుపెట్టినవాడికి అపస్వరం వేలిదో తీగదో తెలియనట్టే ఇదీ. తప్పు ఎక్కడుందో తెలియక కోణం పెంచుతాడు, ఒత్తి గీస్తాడు, చర్మం తెగుతుంది. నాలుగు రోజులకు నన్ను సొరుగులో పడేస్తాడు. చేతనైనవారు నూరి ఇచ్చిన కత్తితో మొదలుపెడితే తెలియని సంగతుల్లో ఒకటి తీరిపోతుంది. అప్పుడు తప్పు చేతిదేనని తెలుస్తుంది, చేతిని దిద్దుకోవచ్చు. సాదా కత్తి ఏదైనా సరే, తెలిసినవారు నూరి, తాము గీసుకుని చూసి అమ్మినదైతే, చెక్కుడు పనులున్న ఖరీదైన కత్తి కంటే అదే మేలు.

రకం ఎంచడంలో పెద్ద తికమక లేదు. వెడల్పు 5/8 గానీ 6/8 గానీ తీసుకోండి. ఇంకా సన్ననిది నురగ త్వరగా నింపుకుంటుంది, ఇంకా వెడల్పైనది ముక్కు కింద తిరగదు. మొన గుండ్రంగా ఉండాలి; పలకగా తెగిన మొన చెవి దగ్గరా పెదవి మూలా గాటు పెడుతుంది. పక్కలు సగానికి పైగా తొలిచిన కత్తి వెంట్రుక తెగేటప్పుడు సన్నగా చప్పుడు చేస్తుంది. నేర్చుకునేవారికి ఆ చప్పుడే గురువు, కోణం తప్పితే అది మారుతుంది. పాత కత్తులు కొనవచ్చా అంటే నిస్సందేహంగా కొనవచ్చు, మా పెద్దల ఉక్కు చాలా మంచిది. కానీ వెన్ను ఒకవైపు ఎక్కువ అరిగిందేమో చూడండి, అరిగితే నేను చెప్పిన కోణం పోయినట్టే. అంచు మధ్యలో లోపలికి వంగిన కత్తిని వదిలేయండి. అంచును ఆనుకుని తుప్పు గుంటలుంటే, నూరిన కొద్దీ అక్కడే పెచ్చులు లేస్తాయి. పాత సెల్యులాయిడ్ పిడి ఇంకో ప్రమాదం. అది కుళ్లడం మొదలుపెడితే ఆవిర్లు వదిలి పక్కనున్న ఉక్కును తినేస్తుంది. పిడి ముడుచుకుని, లోపలి భాగం మాత్రమే తుప్పు పట్టి ఉంటే కారణం అదే కావచ్చు.

నాతోపాటే కొనాల్సింది తోలు పట్టీ. ఇది లేకుండా నన్ను కొనడం దండగ. ఒకవైపు గుడ్డ, ఒకవైపు తోలు ఉన్న వేలాడే పట్టీ చాలు, రెండున్నర అంగుళాల వెడల్పుంటే మంచిది. గడ్డానికి ముందు గుడ్డ మీద 20, 30 సార్లు, తోలు మీద 50, 60 సార్లు నన్ను అటూ ఇటూ నడపాలి. వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. పట్టీ చివరికి చేరగానే అంచును పైకెత్తి, వెన్ను తోలును వదలకుండా వెన్ను మీదే పొర్లించాలి. అలా కాక అంచు మీదుగా తిప్పితే తోలు కోసుకుపోతుంది, నా అంచూ మడత పడుతుంది. పట్టీ బిగువుగా ఉండాలి. వదులైతే తోలు నా చుట్టూ వంగి అంచును గుండ్రం చేస్తుంది. మణికట్టుకు ఈ తిప్పుడు అలవాటయ్యేలోపు తోలుకు గాట్లు పడటం ఖాయం. అందుకే మొదటి పట్టీ చవకది కొనమంటాను. గాట్లు పడితే బాధ ఉండదు, నేర్చాక మంచిది కొనుక్కోవచ్చు. ఆకుపచ్చ, ఎరుపు పూతలు మాత్రం రోజువారీ తోలుకు పూయకండి. అవి నిజానికి మెత్తని రాపిడి పొడులు, వాటికి వేరే పట్టీ ఉండాలి.

రాళ్లు కూడా ముందే కొని మన కత్తి మనమే నూరుకుంటే ఎవరి మీదా ఆధారపడనక్కర్లేదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. తెలుగు పల్లెల్లో నాయీబ్రాహ్మణుల పొదిలో కత్తీ ఆకురాయీ ఎప్పుడూ కలిసే ఉండేవి. నూరడం రానివాడిని ఆ వృత్తిలో పనివాడిగా లెక్కించేవారే కాదు. కానీ ఆ నేర్పు పెద్దల పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చింది. ఇంట్లో ఒక్కరే మొదలుపెట్టేవారికి అంచు రూపు దిద్దడానికి 1000 నంబరు రాయి, తర్వాత 4000, 8000, మెరుగుకు 12000 రాయి కావాలి, లేదంటే బెల్జియం ఆర్డెన్ కొండల్లో దొరికే కోటిక్యూల్ లాంటి సహజ రాయి. ఖర్చు కత్తి ధరను మించుతుంది. ఇంకా ముఖ్యం, మంచి అంచుతో కొన్నాళ్లు గీసుకోనివారికి తాము నూరిన అంచు మంచిదో కాదో చెప్పే కొలమానమే లేదు. తోలు సరిగ్గా పడితే నిపుణులు పెట్టిన అంచు కొన్ని నెలలు నిలుస్తుంది. ఆ నెలల్లో అంచు రుచి చర్మానికి తెలుస్తుంది. రాళ్లు కొనే వేళ అప్పుడు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. సగం బ్లేడు దూర్చే కత్తి పిడి చవకగా దొరుకుతుంది, పదును గురించి చింతే ఉండదు, నేర్చుకోవడానికి అది చాలదా అంటారు. పదును విషయంలో వారి మాట నిజమే. నలుగురికి వాడే చోట అదే ఉండాలి కూడా. రక్తం ద్వారా అంటుకునే జబ్బులున్నప్పుడు ఒకరికి వాడిన అంచు మరొకరికి వాడకూడదు. మన ఊళ్ల సెలూన్లలో నా స్థానంలోకి బ్లేడు పిడి వచ్చిందీ, తిరుమల కల్యాణకట్టలో భక్తులకు కొత్త బ్లేడుతో తలనీలాలు తీసేదీ ఇందుకే. నేను ఒక్కరికి మాత్రమే చెందాల్సిన పనిముట్టును. కానీ ఆ పిడితో నేర్చిన చెయ్యి నన్ను పట్టుకుంటే మళ్లీ మొదటికి వస్తుంది. దాని బ్లేడు బయటికి కొద్దిగానే కనిపిస్తుంది, బిర్రుగా ఉంటుంది, మూలలు పదును. నాకున్న బరువు, వెడల్పు, చర్మం మీద మెత్తగా ఒదిగే గుణం దానికి లేవు. చిన్న తప్పుకు కూడా అది చర్మం కోస్తుంది, దాంతో కొత్తవారు భయపడి బిగుసుకుపోతారు. తోలు పట్టే అలవాటు అది నేర్పదు. గీసుకోవడం వేరు, అంచును కాపాడుకోవడం వేరు అని చరిత్ర కూడా చూపిస్తుంది. ప్యారిస్ కత్తుల పనివాడు పెర్రె ఎవరి గడ్డం వారే గీసుకునే విద్య మీద 1769లోనే పుస్తకం వేశాడు. గీసుకోవడం నేర్చుకోగల విద్యేనని అప్పటికే తెలుసు. 1904లో పేటెంటు పొందిన జిల్లెట్, అంచుకు అడ్డు పెట్టి చర్మానికి కాపు ఇవ్వడంతో ఆగలేదు. నూరే పనినే తీసేసి బ్లేడును పారేసేదిగా చేశాడు. 1903లో అతని సంస్థ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి 35 లక్షల రేజర్లు, 3 కోట్ల 20 లక్షల బ్లేడ్లు వెళ్లాయి. జనానికి అసలు బరువు అంచును కాపాడుకోవడమేనని ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించదు.

తుప్పు మాటేమిటని విశాఖ, కాకినాడ వైపు వారు అడిగితే న్యాయమే. సముద్రపు గాలిలో కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో మచ్చలు తేలగలదు. గీసుకున్నాక నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక కుట్టుమిషను నూనె చుక్క రాసి, స్నానాలగదిలో కాక బయట పెడితే నాకేమీ కాదు. అంత ఓపిక లేదనుకునేవారు స్టెయిన్‌లెస్ కత్తి కొనుక్కోండి, తప్పు లేదు. రాయి మీద అది కాస్త మొండిగా ఉంటుంది, అంతే. బ్రష్షు, సబ్బు మీ దగ్గరున్నవే సరిపోతాయి. గోరువెచ్చని నీళ్లతో గడ్డం బాగా నానాలి, వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే మెత్తబడుతుంది. పక్కన పటిక ముక్క ఉంచుకోండి. మొదటి వారాల్లో చర్మం లాగి పట్టి, 30 డిగ్రీల వాలుతో, వెంట్రుక మొలిచిన దిశలో చెంపలు మాత్రమే గీసి, గడ్డం కింద పాత రేజరుతోనే కానివ్వండి.

కొనేరోజున అమ్మేవారిని రెండు మాటలు అడగండి. ఈ కత్తికి చివరిగా అంచు పెట్టింది ఎవరు, ఏ రాయి మీద? పెట్టాక ఎవరైనా దీనితో గడ్డం గీసుకుని చూశారా? సూటిగా జవాబు రాకపోతే ఆ కత్తిని అక్కడే వదిలేసి రండి, అది నేనైనా సరే.