అయ్యా, మా సాంబారు మండదు

మా పేటలో చెత్తను కాల్చే ప్లాంటు కట్టి కరెంటు తీయాలని కంకణం కట్టుకున్న మహారాజశ్రీ అధికారుల సముఖానికి,

ఉత్తర చెన్నై కొడుంగయ్యూర్ నుంచి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మీ కాపురం ఊరికి దక్షిణాన అని విన్నాను కనుక క్షేమంగానే ఉంటారు.

నిన్న పొద్దున మా వీధికి బ్యాటరీ బండి వచ్చింది. ఎప్పటిలాగే ఆకుపచ్చ బుట్టలో కూరగాయ తొక్కలూ మిగిలిపోయిన సాంబారూ, నీలం బుట్టలో కడిగి ఆరబెట్టిన పాల కవర్లూ పట్టుకెళ్ళాను. బండి అబ్బాయి రెండూ అందుకుని ఒకే తొట్లో కుమ్మరించాడు. అదేంటి నాయనా అన్నాను. మన తెలుగువాడే. "ఎందుకక్కా శ్రమ, ఎటూ కాల్చేస్తారంట కదా!" అన్నాడు.

వాణ్ణేమీ అనకండి. మీ పథకం మీ ఇంజనీర్ల కన్నా వాడికే బాగా అర్థమైంది.

ఇన్నేళ్ళూ తడి వేరు, పొడి వేరు అని మైకులో చెవులు చిల్లులు పడేలా అరిచింది మీరే కదండీ? చెయ్యకపోతే జరిమానా అన్నదీ మీరే. మా అత్తగారు డెబ్బై దాటాక నేర్చుకున్నారు, కరివేపాకు ఇటు, మాత్రల రేకు అటు అని. ఆవిడకి ఇప్పుడేం చెప్పమంటారు? 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు తిరిగి వాడుకోలేనిదాన్ని, అందులోనూ కిలోకు కనీసం 1500 కిలోకేలరీల వేడి ఉన్నదాన్ని కరెంటుకు వాడమన్నాయి. మన ఇళ్ళ చెత్తలో సగానికి పైగా తడిదే. నీళ్ళోడే సాంబారన్నం ఎంత వేడినిస్తుందో మీ ఇంట్లో వంట చేసేవాళ్ళని అడగండి. ఇక బాగా మండేవి అట్టలు, కాగితాలు, ప్లాస్టిక్కు. అవి ఏరుకుని అమ్ముకునేవాళ్ళ కూడు. ఆ కూడు తీసి కొలిమిలో వేస్తే తప్ప మీ టర్బైను తిరగదు.

ఇది నా వంటింటి శాస్త్రం కాదు. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ యంత్రం తెచ్చి పెట్టారు, రోజుకు 300 టన్నులు కాల్చడానికి. 21 రోజులు నడిచింది. మన చెత్తకు అంత వేడి లేదని అప్పుడు తెలిసింది. అదే ఢిల్లీలో ఓఖ్లా ఇళ్ళ పక్కన ఇంకోటి లేపారు. అక్కడివాళ్ళు 2009 నుంచీ కోర్టుల చుట్టూ తిరుగుతుండగానే 2012లో పొగ మొదలైంది. 2017లో హరిత ట్రైబ్యునల్ ప్లాంటును 25 లక్షలు కట్టమంది, నడుపుకోమనీ అంది. ఎంత చల్లని తీర్పో!

మీ తరఫున మీటింగుకొచ్చిన ఒకాయన "హైదరాబాద్ వెళ్ళి చూడండి, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. తెలుగువాళ్ళకి హైదరాబాద్ చూపిస్తాడట! మా చిన్నాన్న కూతురు దమ్మాయిగూడలోనే ఉంటుంది, జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు దగ్గర్లో. అక్కడ 2020లో 19.8 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. "కంపు పోలేదే అక్కా, సాయంత్రమైతే తలుపులేసుకుంటాం" అంది.

మాకేం తక్కువని ఈ ప్లాంటు కూడా? మనలి రిఫైనరీ మాకే. ఎన్నూరు వైపు థర్మల్ స్టేషన్లు, వాటి బూడిదా మాకే. 2023 డిసెంబరులో తుపాను నీళ్ళతో పాటు నూనె ఇళ్ళలోకొచ్చింది. ఆ నెలలోనే అర్ధరాత్రి అమ్మోనియా లీకైతే జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. కుప్పమేడు, అదే ఊరి చెత్తంతా పోసే డంపింగ్ యార్డు, ఎటూ మా నెత్తినే ఉంది. ఇంకా చాల్లేదా మీకు? సిగ్గనిపించదూ?

మర్యాద తప్పింది. తప్పనివ్వండి.

కాల్చినదంతా మాయమైపోదు కదా, నాలుగైదు వంతుల్లో ఒక వంతు బూడిదగా మిగులుతుంది. దాన్ని ఎవరి పేటలో పోస్తారు? ప్లాంటు గేటు దగ్గర పొగ లెక్కల అంకెల బోర్డు పెడతామన్నారు. డయాక్సిన్‌ను ఆ బోర్డు కొలవదు. ఎప్పుడో నమూనా తీసి ల్యాబుకి పంపితే తప్ప అది తేలదు. ఈలోగా పీల్చింది పీల్చినట్టే.

2025 మే ఎండలో ఈ ప్లాంటు వద్దంటూ చేతులు పట్టుకుని రోడ్డున నిలబడ్డాం కదా, మీ కారు అటుగా రాలేదేమో. దాన్ని పక్క పేటకు మార్చమని అడగడం లేదు, వాళ్ళవీ ఊపిరితిత్తులే. ప్లాంటుకు పెట్టే డబ్బుతో వార్డు వార్డుకీ ఎరువు తయారుచేసే చోటు పెట్టండి. ఏరుకునేవాళ్ళకి జీతమివ్వండి. బండికి రెండు తొట్లు పెట్టించండి.

దండం పెడతానండీ, ఆ ప్లాంటు మాత్రం కట్టొద్దు. మా ఇంట్లో నెబులైజర్ ఇప్పటికే ఒకటుంది. రెండోది కొనే స్తోమత మాకు లేదు.

ఇట్లు,
కుప్పమేడు గాలి పీల్చే ఒక ఇల్లాలు