పులస సందేశము: టీకా తాత్పర్య సహితము

మూలము

శనివారం పెళ్ళిరోజు. అంతర్వేది ఒడ్డున గుడారం వేద్దాం. పులస తిందాం. సామానేం అక్కర్లేదు.

అవతారిక

కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూని, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు మొదటనే ప్రతిజ్ఞ చేసికొన్నాడు. అందు మొదటి సగము నాకును శిరోధార్యమే కాని, రెండవ సగమును పాటింపబూనుదునేని ఈ వ్యాఖ్య పుట్టుటకే అవకాశము లేదు. ఏలయన, పైని వ్రాసిన పది పదములును ఏలూరియందు గుమాస్తాగిరి వెలగబెట్టు నొక గృహస్థు, 2025 ఆగస్టులో నొక బుధవారపు మధ్యాహ్నము, కచేరీలో ఫైళ్ళ మఱుగున కూర్చుండి, వాట్సాప్ ద్వారా తన యిల్లాలికి పంపిన సందేశము. ఇట్టి దానికి టీక యేలయని పండితులు నొసలు ముడువవచ్చును. మేఘునిచేత వర్తమానమంపిన యక్షునికి త్రోవలోని కొండలను, ఏఱులను, ఊళ్ళను చెప్పవలెనను ఇంగితమైన నుండెను. మన కవి దారి చెప్పలేదు, వేళ చెప్పలేదు, వండువారెవ్వరో అసలే చెప్పలేదు. చెప్పినది కొంచెమై చెప్పనిది కొండంతయైన చోటనే గదా వ్యాఖ్యాతకు గ్రాసము!

దీనికి తొలి వ్యాఖ్యానము వ్రాసినది ఆ యిల్లాలే. సందేశమందిన నిమిషములోనే ఆమె పంపిన భాష్యము: "వండేదెవరండీ?" సూత్రకారులు సైతము ఇంతకంటె క్లుప్తముగా వ్రాసియుండరు. మేము దానిని విస్తరించువారము మాత్రమే.

ప్రతిపదార్థము

శనివారం: కవి హృదయమున ఈ పదమునకు, రెండవ శనివారము గనుక కచేరీకి సెలవనియే యర్థము. కవిపత్నికి అది ఏడుకొండలవాని దినము. ఆనాడామె నీసు ముట్టదు. ఆగస్టు 8, శుక్రవారము వరలక్ష్మీవ్రతము. మఱునాడు, అనగా సందేశములోని శనివారము, శ్రావణ పూర్ణిమ. వ్రతమునకును పూర్ణిమకును సందున ఇమిడియున్న సంసారమున, మొదటి వాక్యములోని "శనివారం" అను పదమునకు మూడవ వాక్యములోని "పులస" అను పదముతో పొత్తు కుదురదని కవి కంతకుముందు తోచలేదు. పదముల నడుమ పొత్తు లేకున్నచో వాక్యమునకు అన్వయము లేదని తార్కికులు చెప్పుదురు. దీని పరిహారమును ముందు చూడనగును.

పెళ్ళిరోజు: స్పష్టము. ఎన్నవదియో మూలమున లేదు. కవి మఱచెనని కవిపత్ని మతము; గణములకు పట్టలేదని కవి మతము. వచనమునకు గణములేమని అడుగరాదు, అది దాంపత్యమర్యాద.

అంతర్వేది ఒడ్డున: అంతర్వేది యనగా గోదావరి పాయలలో నొకటియైన వసిష్ఠ సముద్రమున గలియుచోటనున్న లక్ష్మీనరసింహక్షేత్రము. భీష్మైకాదశినాటి రథోత్సవమునకు కోనసీమ కోనసీమయంతయు అచటికి తరలును. శ్రావణమున ఆ సందడి లేదు. ఏలూరినుండి తణుకు, పాలకొల్లు మీదుగా నరసాపురము చేరి, రేవునొద్ద బండితోగూడ పంటెక్కి, ఎఱ్ఱనీటిమీద తేలుచు సఖినేటిపల్లి ఒడ్డున దిగవచ్చును. వరద హెచ్చినప్పుడు పంటు కట్టివేయుదురు. అపుడు చించినాడ వంతెనమీదుగా చుట్టు తిరిగి పోవుటయే గతి.

ఇక "ఒడ్డున" అనుచోట సందేహము. ఏ ఒడ్డున? ఏటి ఒడ్డుననా, కడలి ఒడ్డుననా? రెండును చేతికందవలెనని కవి కోరిక. అట్టి స్థలమొకటి అచటనున్నమాట నిజమే. ఒకవంక నదియు, ఒకవంక సముద్రమును కానవచ్చు ఆ యిసుకమేటపై కవి సంచి దింపి, చేతులు నడుమున పెట్టుకొని, దిక్కులు పరికించి, ఇంతకంటె దివ్యమైన తావు లేదని తీర్మానించెను. దారిన పోవు నొక పిల్లవానిని ఈ చోటి పేరేమని కవిపత్ని అడిగినది. "అన్నాచెల్లెళ్ళ గట్టండి" అని వాడు చెప్పెను. ఆమె భర్తవంక చూచి, "పెళ్ళిరోజున, అందులోనూ రాఖీ పున్నమినాడు, అన్నాచెల్లెళ్ళ గట్టు మీద పక్కలు పరుస్తారా?" అనినది. రసభంగమునకు లక్షణగ్రంథములలో ఇంతకంటె చక్కని యుదాహరణము నాకు కానరాలేదు. సంచి మరల భుజమున కెక్కెను.

గుడారం వేద్దాం: "వేద్దాం" అనునది ఉత్తమపురుష బహువచనము. క్రియయందు ఇరువురును చేరుదురని వ్యాకరణము. వేయునది ఒకరు, అది వంకరగా నున్నదని చెప్పునది వేఱొకరు అని లోకానుభవము. సంచియందు గుడారముతోపాటు జానెడేసి యినుప మేకులును వచ్చినవి. కొట్టుటకు సుత్తి లేదు. ఆ యిసుకలో వెదకిన గులకరాయి యైనను దొరకదు. కోనసీమలో నున్న సౌకర్యమేమనగా, ఏది కొఱతపడినను కొబ్బరికాయకు కొఱత లేదు. కవి రెండుచేతుల నొక ఎండుకాయను పట్టుకొని, మోకాళ్ళపై నిలిచి, మేకులను కొట్టసాగెను. ఒక్కొక్క మేకును చక్కగా దిగెను. దిగినంత చక్కగానే, కడలిగాలి గుడ్డలో దూరి బుఱ్ఱుమనగానే, పైకివచ్చెను. నాలుగవ మూలను అదిమి పట్టుకొన్న యిల్లాలు కొంగు ఎగురకుండ పట్టుకొనుటయా, గుడారము ఎగురకుండ పట్టుకొనుటయా యని క్షణకాలము తటపటాయించి, ధర్మమార్గమున కొంగునే పట్టుకొన్నది.

అంతట వల భుజాన వేసికొని పోవుచున్న నొక పెద్దాయన నిలిచి ఈ పదమునకు నిజమైన వ్యాఖ్య చెప్పెను: "మేకులు ఇసకలో ఆగవండి బాబూ. నాలుగు సంచుల్లో ఇసక పోసి, తాళ్ళు కట్టి పాతెయ్యండి. అయినా ఇక్కడేశారేంటండి? పున్నం పోటు ఇక్కడిదాకా వచ్చేత్తదండి. ఆ సరుగుడు చెట్లకాడికి పొండి." ఇందలి యుక్తి పరికింపదగినది. గట్టినేలలో మేకును మన్ను నలుదిక్కుల నొక్కి పట్టును. పొడియిసుకలో రేణువు రేణువును జాఱి త్రోవ యిచ్చును. పాతిన సంచికి అట్లుగాక, తన బరువునకు తోడు పైని కప్పిన యిసుక బరువుకూడ కావలి కాయును. పోటు మాటయు శాస్త్రసమ్మతమే. పున్నమికిని అమావాస్యకును సూర్యచంద్రు లొకే వరుసలో నిలిచి లాగుదురు గావున, ఆ రోజులలో సముద్రము మామూలు గీతను దాటి పైకి వచ్చును. చేరువనున్న పల్లిపాలెమునుండి ఖాళీ బియ్యపు సంచులు వచ్చినవి. గుడారము నిలిచినది. నడిరేయి దాటక మునుపే మొదట వేసిన చోట నీరు మోకాటిబంటి నిలిచెనట.

పులస: ఇదియే ఈ సందేశమునకు ప్రాణపదము, తక్కినవన్నియు దీనికి ఉపాంగములు. పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. పెళ్ళిరోజున భార్య యెదుట ఈ సామెతను పలికిన కవి సాహసమును మెచ్చుకొనకుండ ఉండలేము. యానాము వేలములో ఒక్క చేప ఇరువదివేల రూపాయలు దాటిన సందర్భములు గలవు గనుక, సామెతలో అతిశయోక్తి యున్నదని ఆలంకారికు లెవ్వరును అనజాలరు.

అయితే మూలమున ఘోరమైన విరోధమొకటి దాగియున్నది. ఈ చేప బ్రదుకు సముద్రమున గడచును. అచట నున్నంతకాలము దానిని విలస యందురు. వానకాలమున గోదావరి ఎఱ్ఱవడి, వరద సముద్రమున పడగానే, గ్రుడ్లు పెట్టుటకై అది ఏటికెదురీదును. ఆ మంచినీటిలో ఈదిన కొలది ఉప్పుదనము వదలి, రుచి మాఱి, పులస యనిపించుకొనును. ధవళేశ్వరమునొద్ద 1852లో కాటను దొర కట్టించిన ఆనకట్టనాటినుండి ఎగువకు దాని దారి మూసికొనిపోయినది. ఆ సందులోనే దాని వైభవమంతయు. కాగా, అంతర్వేది ఒడ్డున పులస తినుటయన నేమి? అచట వలలో పడినది అప్పుడే గడప త్రొక్కిన విలస. ఇంకను దానికి ఆ బిరుదు రాలేదు. సముద్రముయొక్క గాలియు, ఏటియొక్క చేపయు ఒకేచోట కావలెననుట, కవి యెఱుగకయే పన్నిన విరోధాభాసము.

ఇది పూర్వపక్షము. సిద్ధాంతము సిద్ధాంతముననే దొరకెను. పరిహాసము గాదు, తణుకు దాటి కొంతదూరము పోగా వసిష్ఠ వంతెనకు ఇవతల నున్న గ్రామము పేరే సిద్ధాంతము. అచట శనివారపుదయమున కవిపత్ని బండి నాపించి, బుట్టలోని చేప మొప్పలెత్తి చూచి, పొట్ట నొక్కి చూచి, ఇది ఒడిశానుండి మంచుపెట్టెలో దిగిన సరుకు కాదుగదా యని అమ్మువానిని నిలదీసి, అతడు అమ్మవారిమీద ఒట్టు పెట్టుకొన్న పిదప బేరమునకు దిగినది. కవి జేబులో చేయి పెట్టబోగా, "పుస్తె కట్టింది మీరే గానీ, బేరం నన్నాడనివ్వండి" అని ఆపినది. నీసు తినరాని దినమున నీసు కొనవచ్చునా యని ధర్మసంకటము రాగలదు. తినుటకే నిషేధము కాని కొనుటకు లేదని ఆమె నిర్ణయము. ధర్మశాస్త్రమున నాకు దీనికి విరుద్ధమైన వాక్యము కనబడలేదు.

వండినది పల్లిపాలెములో నొక పెద్దావిడ. మట్టిదాకలో, కట్టెలపొయ్యి మీద, చింతపండుపులుసు నిదానముగా మఱగి, బెండకాయలు మెత్తబడి, చేపముక్క చెదరకుండ నిలిచి, దింపబోవునపుడు ఆవకాయ ఊటయు, వేలెడంత వెన్నయు పడినవి. గరిటె పెట్టలేదు, దాకనే రెండుచేతుల పట్టి కుదిపినది. కవి పళ్ళెము పట్టుకొని నిలిచియుండగా ఆమె మూత వేసి, "ఇయ్యాల తింటే పులుసేనండి. రేపు తింటేనే పులస" అనినది. ఇదిగో, మొదట వాయిదా వేసిన పరిహారము! శనివారపు నిషేధమును పులుసు స్వభావమును ఏకముఖముగా ఆదివారమునే విధించుచున్నవి. కవి యనాలోచితముగా వ్రాసిన రెండు పదములను ఒక రాత్రి గడువు అతికించి పెట్టినది. ఆ రాత్రి కుక్కల భయమున దాకనుగూడ గుడారములోనే, ఇరువురికిని నడుమ పెట్టుకొని పడుకొనవలసివచ్చెను.

ఇచట కొందఱు వ్యాఖ్యాతలు, దాంపత్యమును పులుసుతో పోల్చి, నిలువయైన కొలది రుచి పెరుగునని ఉపమ చెప్పుదురు. అది త్రోసిపుచ్చదగినది. పులుసు మూడవ పూటకు పులియును.

తిందాం: ఆదివారము తెల్లవాఱినది. పెద్దావిడ కోడలు పనసాకుల దొప్పలలో ఆవిరిపట్టిన పొట్టిక్కలు, ఆకు వాసనతోనే, వేడివేడిగా తెచ్చియిచ్చెను. పులుసు చిక్కబడి పైన నూనె తేఱియున్నది. అయితే పులసకు రుచియెంతో ముళ్ళంత. సన్నని వెండ్రుకలవంటి ముళ్ళను నాలుకతో వేఱుచేయు విద్య పుట్టుకతో రావలెను. కవిపత్నిది పాలకొల్లు, ఆమెకు వచ్చును. కవిది మెట్టప్రాంతము, రాదు. ఆమె తాను తినుట మాని, ముక్క విప్పి, వెలుతురునకు పట్టి, ముల్లొక్కటొక్కటిగా ఏఱి, మెత్తని కండను అతని యాకున పెట్టుచు పోయినది. అతడు తలయెత్తక తినుచు పోయెను. "తిందాం" అను బహువచనము ఇచట ఏకవచనార్థకము.

సామానేం అక్కర్లేదు: ఈ వాక్యమునకు తెచ్చిన సామానే తాత్పర్యము. పులిహోర (శనివారపు రాత్రికి), మంచినీళ్ళ డబ్బా, దోమలబత్తి, టార్చిలైటు, చాప, దుప్పట్లు, కత్తిపీట, ఉప్పు, కారము, అమృతాంజనము, అగ్గిపెట్టెలు, వరలక్ష్మి తోరము ఇంకను చేతనుండగనే కట్టుకొన్న పసుపు చీర గాక మఱి రెండు చీరలు. ఇన్నియును కవి యెఱుగకయే బండి డిక్కీలో చేరినవి. అక్కఱలేదన్నది కర్త, మోసినదియు కర్తయే.

తాత్పర్యము

శ్రావణ పూర్ణిమనాడు పెళ్ళిరోజు జరుపుకొనగోరి యొకానొకడు భార్యను సముద్రతీరమునకు పిలువగా, ఆమె చేపను, వంటను, ధర్మమును, ముళ్ళను చక్కబెట్టి, అతని సందేశమును సత్యము చేసెనని భావము.

ఫలశ్రుతి

దీనిని చదివి వచ్చే శ్రావణమున బయలుదేరు దంపతులకు మనవి: తిథి చూచుకొని గుడారము సరుగుడు చెట్లవైపే వేయుడు, ఖాళీ సంచులు నాలుగు మఱవకుడు, చేపను సిద్ధాంతముననో రావులపాలెముననో కొనుడు. బేరము మాత్రము ఇల్లాలికే విడిచిపెట్టుడు.