నడినీళ్ళలో మన కొండ

ఏమిరా అబ్బాయిలూ, నాలుగు రోజులు సెలవొస్తే చాలు అండమాన్ అంటారు, మాల్దీవులంటారు. నీళ్ళ మధ్య దీవి చూడాలంటే సముద్రాలే దాటాలా? మాచర్ల అవతల నాగార్జునకొండ ఉంది గదా!

మా రోజుల్లో మిరపకోతలు అయిపోయి, కాయ యార్డుకు తోలి, చేతిలో నాలుగు డబ్బులాడితే అక్కడికే ప్రయాణం. సత్తెనపల్లిలో మాచర్ల బండి ఎక్కేవాళ్ళం. మీటరుగేజి. ప్రతి స్టేషన్లోనూ ఆగేది, ఆగనీ. పత్తికట్టె పీకిన చేలు, పిడుగురాళ్ళ సున్నపుబట్టీల పొగ, అన్నీ తీరిగ్గా చూసుకుంటూ పోయేవాళ్ళం. కూర్చునే చోటు దొరక్క నిలబడి పోయిన రోజులూ ఉన్నాయి, కాదనను. అయినా మీ కారు ప్రయాణం కన్నా అదే నయం.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే కొండకు దాదాపు గంట. ముందువైపు కూర్చునేవాళ్ళం. కొండ మొదట నల్లటి గీత, ఆ తర్వాత పొదలు, ఇంకా దగ్గరకొస్తే కోటగోడ రాళ్ళు విడివిడిగా కనపడేవి. వేసవిలో అంచు వెంబడి మట్టి చారలు తేలేవి. మా నాన్న ఆ చారలు చూసి నీళ్ళు ఎంత దిగాయో, కుడికాలువకు ఎప్పుడొదులుతారో లెక్కలు కట్టేవాడు. మీలో ఒక్కడైనా ఆ అంచు వంక చూశాడా?

అది పుట్టుకతో దీవి కాదురా. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట లేచాక, కృష్ణ లోయంతా కమ్మితే మిగిలిన శిఖరం. అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. 1954 నుంచి ఆరేళ్ళు తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. ఆ లోయలో ఊళ్ళు ఖాళీ చేసిపోయినవాళ్ళ పుణ్యానే మన చేలు తడుస్తున్నాయి.

మీరేమో లాంచీ దిగీ దిగకముందే ఫోనెత్తుతారు. మ్యూజియం ముందొక ఫొటో, స్తూపం పక్కనొకటి, వెంటనే తిరుగు లాంచీకి పరుగు. పెళ్ళికొచ్చి అక్షింతలు వేసి అన్నం తినకుండా పోయినట్టు! ఆనకట్ట నుంచి పదకొండు కిలోమీటర్లు పోతే ఎత్తిపోతల, 70 అడుగుల మీంచి చంద్రవంక దూకుతుంటే అక్కడా అదే వరస.

ఈ దసరాకు పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళు నిండుగా ఉంటాయి. సాయంత్రం ఆఖరి లాంచీ దాకా కొండ మీదే తిరగండి. పులిహోర మీ నాయనమ్మ కట్టిస్తుంది. ఫోన్లు మాత్రం నా దగ్గర పెట్టి పోండి.