పాయింట్ తొమ్మిది బావగారు

మా బావగారు మాదాపూర్‌లో రిలీజ్ మేనేజరు. నెంబర్లు ఎన్నైనా వదులుతారు, తేదీ మాత్రం నోరు జారి కూడా చెప్పరు. "ఎప్పటికవుతుంది బావగారూ?" అంటే "ఆల్మోస్ట్ అయిపోయింది". గట్టిగా నిలదీస్తే "ఈ క్వార్టర్లోనే". ఏ ఏడాది క్వార్టరో ఆయనచేత చెప్పించినవాడు ఇంకా పుట్టలేదు.

ఆయన సాఫ్ట్‌వేర్ 0.9.9 దాకా వచ్చింది. ఇక 1.0 తప్పదని అందరం అనుకుంటుంటే 0.9.10 దించారు! "9.9 కంటే 9.10 చిన్నది కదా నాన్నా, వెనక్కెళ్లారా?" అంది పదో తరగతి మేనకోడలు. "అవి చుక్కలే, దశాంశాలు కావు" అని కసిరి, నాకు చాటుగా అసలు రహస్యం చెప్పారు: "ఒకటి అన్నామా, జనం అది పనిచేస్తుందనుకుంటారోయ్! సున్నాలో ఉన్నన్నాళ్లూ తిట్టే హక్కు ఎవడికీ లేదు."

ఈ వాదానికి ఆయన దగ్గర పురాణమే ఉంది. క్నూత్ గారి అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ 'టెక్' (TeX), ఒక్కో సవరణకి వెర్షన్ నెంబర్లో 'పై' విలువలో ఒక్కో అంకె పెంచుకుంటూ 2021లో 3.141592653 దగ్గరికి చేరింది. డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లయితే విడుదలెప్పుడని అడిగినవాళ్లందరికీ "సిద్ధమైనప్పుడు" అనే చెబుతారు. అలాంటిదే ఇంకోటి, ఉబుంటు వాళ్లు ఏడాదినీ నెలనీ నెంబర్లోనే ఇరికించారా, 2006 ఏప్రిల్‌లో రావాల్సిన 6.04 జూన్‌కి జారి 6.06 అయింది. "చూశావా, తేదీ చెబితే నెంబరు కూడా మార్చుకోవాలి!"

ఒకసారి ఊపులో డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ ఆటని ఉదాహరించారు: 1997లో ప్రకటన, 2011లో విడుదల. "పద్నాలుగేళ్లు! వనవాసమంత!" అని మురిసిపోయారు. "రాముడు చెప్పిన రోజుకే తిరిగొచ్చాడండీ" అంది అక్క, కూర కలుపుతూ.

పాపం, తేదీలు చెప్పేది సేల్సు వాళ్లు, తిట్లు తినేది ఈయన. పండగపూట విస్తరి ముందు కూర్చుని కూడా "సారీ సర్, చూస్తున్నాం సర్" అంటూ ఎడమచేత్తో ఫోను పట్టుకునే ఉంటారు. అప్పుడు మాత్రం ఎవరం ఏమీ అడగం. అక్క ఇంకో గారె వేస్తుంది.

అలాగని జాలి ఎక్కువసేపు నిలవనివ్వరు. మొన్న నా ఫోన్లో కొత్త వెర్షన్ వచ్చిందని వేసుకోబోతుంటే చటుక్కున లాక్కున్నారు.

"పాయింట్ సున్నా ఎప్పుడూ వేసుకోకోయ్. పాయింట్ ఒకటి రానీ. పాపం, ఎవడో మేనేజరు మాటిచ్చేసి, ఆ తేదీకి వదిలేసుంటాడు!"