కృశాంగోపాఖ్యానము

విజయనగరము మొదలు వికారాబాదు వరకు ఏ వీధిలో వెదకినను కృశాంగుడొకడు దొరకును. పదునారవయేట కాళ్లును చేతులును ఒక్కసారిగా సాగిపోయి, కండ మాత్రము వాని వెంట పరుగెత్తలేక వెనుకబడిన పిల్లవాడే కృశాంగుడు. వైద్యులనడిగినచో ఇది వయోధర్మమనియు, ముందు ఎత్తు పెరుగుననియు, కండ తరువాత వచ్చుననియు చెప్పుదురు. కాని కృశాంగుడు వైద్యులనడుగడు, అద్దమునడుగును. ఇంటి యద్దముతో తృప్తి చెందక బస్సు కిటికీనడుగును, బంగారు దుకాణపు గాజు తలుపునడుగును, నిలిపియుంచిన పరాయివాని కారునడుగును. అన్నియు ఒకే మాట చెప్పుటచే మరియొకదానిని వెదకుచు పోవును.

నేనెరిగిన కృశాంగుడు విజయనగరమువాడు. రోహిణీకార్తెలో ఊరంతయు పంచె ఎగగట్టి విసనకర్ర పట్టిన దినములలో, అతడు బనియను మీద టీషర్టును, దానిమీద పొడుగుచేతుల చొక్కాయును తొడిగి, చెమటలో నానుచు, చలిగా నున్నదని చెప్పుచుండెడివాడు. చేతిగడియారపు పట్టాకు కంపెనీవారు పెట్టిన రంధ్రములు చాలక సూది కాల్చి మరి మూడు పొడిచికొనెను. ఛాయాచిత్రమునకు నిలుచునపుడు చేతులు కట్టుకొని, పిడికిళ్లను చంకల క్రింద దూర్చి, దండకండలను లోపలినుండి బయటికి నెట్టు విద్య యొకటి కలదు, అందతడు ఆరితేరినవాడు. అయినను చిత్రము తీయువాడు మీటనొక్కు సమయమునకు ఎవని భుజము వెనుకనో సగము దాగియుండుట వలన ఆ విద్య లోకమునకు వెల్లడి కాలేదు.

ఈ వ్యాధికి బీజము వేయువారు బంధువులు. పెండ్లిపందిరిలో అడుగుపెట్టిన క్షణమున, అక్షింతలైనను చేతికందకమునుపే, ‘ఏటిరా, ఇలగయిపోనావు? మీ యమ్మ తిండెట్టట్లేదేటి?’ అని ఒక పెద్దమ్మ పలుకరించును. ‘గాలొస్తే పట్టుకోండర్రా వీణ్ణి!’ అని ఒక మామయ్య హాస్యమాడును. అదే మామయ్య ప్రక్కనున్న లావుపాటి పిల్లవానిని చూచి విస్తరి తగ్గించుమని హితవు చెప్పును. నల్లని పిల్లకు శనగపిండియు, పొట్టి పిల్లకు ఊచ పట్టుకొని వ్రేలాడుటయు ఉపదేశించును. మన బంధువర్గమునకు నచ్చిన శరీరప్రమాణము బ్రహ్మసృష్టిలో ఇంతవరకు పుట్టలేదు. ఆ మామయ్య బొజ్జను గూర్చి పలికినవారు మాత్రము లేరు. ఏలయన అతడు పెద్దవాడు.

కృశాంగుడు చేయని చికిత్స లేదు. నానబెట్టిన శనగలు తినెను, ఖర్జూరములు తినెను, అశ్వగంధ లేహ్యము నాకెను, ‘సన్నగా ఉన్నారా?’ అని గోడమీద వ్రాసిన ప్రశ్న తననే యడిగినట్లు తోచి, ఆ ప్రకటనలోని డబ్బా కూడ కొనెను. గుండెలపై ఏనుగునెక్కించుకొనిన కోడి రామమూర్తి నాయుడు గారు ఈ విజయనగరముననే పెరిగినవారు గదా, ఈ నీటిలోనే ఏదో బలముండవలెనని చెంబులకొలది నీళ్లు త్రాగెను. వ్యాయామశాలలో చేరిన మొదటినాడు ఇనుపకడ్డీ నెత్తబోగా, ఇరుప్రక్కల బిళ్లలు ఇంకను తగిలింపలేదని గురువుగారు జ్ఞాపకము చేసిరట. మరునాటినుండి అటు పోలేదు.

ఇక రైలుస్టేషనులోని బరువు చూచు యంత్రము. రంగుదీపములు మినుకుమినుకుమనుచు, చక్రము గిరగిర తిరుగుచు, రూపాయి వేసినవానికి బరువును జాతకమును ఒకే అట్టముక్క మీద అచ్చువేసి యిచ్చు ఆ యంత్రము ఇప్పుడు చాలచోట్ల మూలబడినది గాని, కృశాంగునకదియే దేవాలయము. ఎవరు రైలెక్కుచున్నను సాగనంపుటకు తాను సిద్ధము. ‘మీరు త్వరలో గొప్ప పదవి నధిష్ఠింతురు, 43 కిలోలు’ అని యొక వారము. ‘స్త్రీల మన్ననకు పాత్రులగుదురు, 43 కిలోలు’ అని మరియొక వారము. భవిష్యత్తు వారమువారము మారుచుండెను. బరువు మాత్రము నిలుకడగా నుండెను.

మన దేశమున 1975 నుండి అక్టోబరు 1వ తేదిని స్వచ్ఛంద రక్తదాన దినముగా పాటించుచున్నారు. ఒక యేట ఆనాడు కృశాంగుని కళాశాలలో జాతీయ సేవా పథకమువారు శిబిరము పెట్టిరి. అతనికప్పుడే 18 ఏండ్లు నిండినవి. పరోపకారబుద్ధితో అచ్చటికి పోయెననుకొనుట అతనికి లేని గౌరవమంటగట్టుట. మోచేతి వంపున దూది నొక్కిపట్టుకొని బయటకు వచ్చు దాతల నడకలో ఏదో వీరలక్ష్మి అతనికి గోచరించినది, అంతియే. అయితే దాతకు కనీసము 45 కిలోల బరువుండవలెనని నియమము. తండ్రిది కిరాణా దుకాణమగుటచే తూనికరాళ్లకు కొదవలేదు. ఒక్కొక్క జేబులో ఒక్కొక్క కిలోరాయి వేసికొని, బెల్టు ఊపిరాడనంత బిగించి, పెండ్లికొడుకు వలె మెల్లగా అడుగులు వేయుచు వెళ్లి కాటా యెక్కెను. సిస్టరమ్మ ముల్లును చూడలేదు. మోకాళ్లవైపు దిగుచున్న ప్యాంటును చూచినది.

‘జేబులు ఖాళీ చెయ్యి బాబూ.’

రాళ్లు రెండును బల్లమీదికి వచ్చినవి.

‘వీటిలో రక్తం లేదు నాన్నా,’ అని ఆమె నవ్వక, కసరక, విషయము చెప్పినది: ఒకసారికి కనీసము 350 మిల్లీలీటర్లు తీయుదురు; ఒడలు చిన్నదైనకొలది అందుండు రక్తమును తక్కువ గనుక తీసినది పెద్ద వాటా యగును, ఇచ్చినవాడు కండ్లు తిరిగి పడిపోవును; నియమము రోగి కొరకే కాదు, నీ కొరకును. కృశాంగుని బరువును గూర్చి ఎగతాళియు జాలియు లేకుండ, కారణముతో సహా మాటాడిన మొదటి మనిషి ఆమెయే. సాధారణముగా అట్టి మాటకు ముఖము దాచుకొని పారిపోవువాడు, ఆనాడు అక్కడనే నిలబడెను. ‘నిలబడకపోతే ఆ బిస్కట్లు పంచు, ఈ పుస్తకంలో పేర్లు రాయి,’ అని ఆమె పని చెప్పినది. సాయంకాలమగుసరికి ఎవనిది ఏ గ్రూపో అతనికి కంఠస్థమైనది. చదువులో ఎన్నడును కనబరచని ఈ జ్ఞాపకశక్తి ఇన్నాళ్లు ఎచ్చట దాగినదో ఉపాధ్యాయులకు నేటికిని తెలియదు.

కొలది దినములకే పెద్దాసుపత్రిలో కాన్పు కష్టమైన యొక యిల్లాలికి ఓ నెగటివు కావలసివచ్చెను. రాత్రివేళ కృశాంగుడు సైకిలు తొక్కుకొనిపోయి, మూడవ సంవత్సరపు విద్యార్థిని నిద్రలేపి, వెనుక సీటున కూర్చుండబెట్టుకొని తెచ్చెను. ఎక్కినవాడు తొక్కినవానికి రెట్టింపు. తెల్లవారినపిమ్మట ఆ యింటి ముసలమ్మ, ‘నీ సేతులు సల్లగుండ, బాబూ!’ అని దీవించి, పరకాయించి చూచి, ‘ఏటి, తిండి తినవేటి?’ అనెను. ఆ ప్రశ్నకు కృశాంగుడు పుట్టి బుద్ధెరిగిన పిదప మొదటిసారిగా నవ్వెను.

అది మొదలు వాని చూపే మారిపోయినది. పూర్వము పెండ్లిలో ఎదుటివాని దండలు చూచి నిట్టూర్చువాడు, ఇప్పుడు మోచేతి వంపున నరము కనబడుచున్నదా యని చూచును. మనుష్యుల పేర్లు మరచి, ‘బీ పాజిటివు మేష్టారు’, ‘ఏబీ నెగటివు పాలవాడు’ అని వ్యవహరించును. ఎర్రకణములను నెలకుపైగా నిలువచేయవచ్చును గాని ప్లేట్‌లెట్లు అయిదు దినములకన్న ఎక్కువ నిలువవనియు, తలసీమియా పిల్లలకు రెండు మూడు వారములకొకసారి రక్తమెక్కింపక తప్పదనియు, 1952లో బొంబాయిలో కనుగొనబడిన గ్రూపువారికి ఓ రక్తము కూడ పనికిరాదనియు, విస్తరిముందు కూర్చున్నవారికి విసుగుపుట్టునంతగా బోధించును. సేవ చేయువారిలో నిట్టి చాదస్తము కొంత తప్పదు, భరింపవలసినదే.

డెంగీ జ్వరముల ఋతువున దాతలకై వెదకుచు, తాను ఒక్కనాడు పోయి మానివేసిన వ్యాయామశాలకే తిరిగి వెళ్లెను. అందరిలో మిన్నయైన వస్తాదొకడు, తలుపంత వెడల్పువాడు, ఉత్సాహముగా వచ్చి పరుండెను గాని, సూది కనబడగానే ముఖము పాలిపోయి, ‘తమ్ముడూ, చెయ్యి పట్టుకోరా,’ అని కృశాంగుని మణికట్టు నందుకొనెను. ఆ పిడికిలిలో ఎముకలు కటకటలాడుచుండగా కృశాంగుడు, ‘అన్నా, అటు చూడకు, మీ ఊరి సంగతులు చెప్పు,’ అని కబుర్లలో పెట్టి గండము గడపెను. ఆనాడు అతడు పొట్టిచేతుల చొక్కా తొడిగియుండెను. అది ఎప్పుడు మొదలుపెట్టెనో అతనికే జ్ఞాపకము లేదు.

ఇప్పుడతని బరువు ఎంతయని అడుగుదురేమో. 44. సేవ వలన కండ పెరుగునని ఏ శాస్త్రమునను లేదు. వేళకు భోజనమునకు రాడని తల్లి సణుగుచునేయున్నది. ఆ మరియొక కిలో మీద అతనికాశ యున్నది గాని అది అద్దము కొరకు కాదు, సిస్టరమ్మ కాటా కొరకు.

పాఠకులలో 18 ఏండ్లు నిండి 65 దాటనివారై, 45 కిలోలకు తక్కువ తూగక, గడచిన మూడు నెలలలో రక్తమీయని మగవారును, నాలుగు నెలలలో నీయని ఆడువారును ఉందురు గదా! కృశాంగుడు మీ యూరనుకూడ ఒకడుండును. వేళకాని వేళ ఫోను చేయుట వానికి అలవాటు. విసుగుకొనక ఎత్తుడు. పరగడుపున రక్తమీయరాదు, అన్నము తిని బయలుదేరుడు.