చెరువులో ఇమడని దాన్ని

మండవల్లి చేపల రైతన్నా! నీ కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు గుండా వచ్చి నేనుండే బంగాళాఖాతంలో కలుస్తాయి. ఆపాటి చుట్టరికంతో నా కథ చెప్పుకుంటున్నాను. నేను ఆక్టోపస్‌ని. నేను మాత్రం నీ ఊరికి రాలేను, మంచినీళ్లలో పడితే బతకను.

నాకు ఎనిమిది చేతులు, మూడు గుండెలు. నీ నెత్తుటిలో ఇనుము చేసే పని నా నెత్తుటిలో రాగి చేస్తుంది, అందుకే అది నీలంగా ఉంటుంది. మాలో బాగా పరిశోధించిన జాతికి 50 కోట్ల దాకా నాడీకణాలున్నాయి. వాటిలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే. రాతి సందులో తడిమిన చెయ్యి, దొరికింది తినేదో కాదో అక్కడే రుచి చూసి తేల్చేస్తుంది.

పీతకు డొప్ప ఉంది. ఎముకైనా లేని నాకు తెలివే కాపుదల. మాలో ఒక జాతివాళ్లు కొబ్బరిచిప్పలను ఒంటి కింద పట్టుకుని, చేతులను కర్రకాళ్లలా బిగించి నడుస్తారు. ఆపద వస్తే రెండు చిప్పలు కలిపి లోపల దాక్కుంటారు. ఇండోనేషియాలో దీన్ని చూసిన శాస్త్రవేత్తలు 2009లో లోకానికి చెప్పారు. ఇవన్నీ నేర్పేందుకు మాకు అమ్మ ఉండదు. గుడ్లకు కాపలా కాస్తూ తిండి మానేసి, పిల్లలు బయటపడేసరికి ప్రాణం విడుస్తుంది. మాకొచ్చిన విద్యంతా ఎవరికి వాళ్లం కొద్దికాలపు బతుకులో కూడబెట్టుకున్నదే.

నావికుల కథల్లో మేం రాక్షసులం. 2007లో ఆంధ్రప్రదేశ్ తన కమాండో దళానికి మా పేరే పెట్టుకుంది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌ల విజేతలనూ సరిగ్గా ఎంచాడని జోస్యుడిని చేశారు. పాపం, జట్ల జెండాలంటించిన రెండు పెట్టెల్లో వాడు వెతికింది తిండినే! మా తెలివి చూడాలంటే ఇంకీ అనే ఆక్టోపస్‌ని చూడాలి. 2016లో న్యూజిలాండ్ అక్వేరియంలో తొట్టి సందులోంచి జారి, నేల మీద పాకి, మురుగు గొట్టంలో దూరి సముద్రం చేరాడు.

ఇప్పుడు మమ్మల్నీ తొట్లలో పెంచి అమ్మాలని స్పెయిన్‌లో ప్రయత్నాలు సాగుతున్నాయి. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఆ సాగును నిషేధించాయి. చెరువు సంగతి నీకంటే ఎవరికి తెలుసు? శీలావతి, బొచ్చె కలిసి తిరుగుతాయి, తవుడూ చెక్కా తిని పెరుగుతాయి. మేం ఒంటరివాళ్లం, మాంసాహారులం. ఇరుకులో పడేస్తే ఒకరినొకరం తింటాం. ఉప్పునీటి చెరువు, ఆక్టోపస్ పిల్లలు, మంచి రేటు అంటూ రేపెవరైనా నీ గట్టు మీదికొస్తే ఒప్పుకోకు రైతన్నా.